దార్ ఎస్ సలాంలో బీబీ టిటీ మొహమ్మద్ జాడలు

టాంజానియా వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది సెరెంగెటిలో జంతువులను, జాంజిబార్‌లో సముద్రాన్ని చూసి వచ్చేస్తారు. దార్ ఎస్ సలాం వారికి విమానం మారే ఊరు మాత్రమే. నేను ఆ ఊరి కోసమే వెళ్లాను. ఊరి నడిబొడ్డున ఒక పెద్ద రోడ్డుకు బీబీ టిటీ మొహమ్మద్ పేరు పెట్టారు. ఆమె ఎవరో తెలుసుకుని వెళితే ఆ రోడ్డుకు ఇరువైపులా ఉన్న పేటలు, మైదానం, పార్టీ కార్యాలయం ఒకే చరిత్రలోని భాగాలుగా కనిపిస్తాయి.

టిటీ 1926లో ఈ ఊళ్లోనే పుట్టారు. చదువు ప్రాథమిక పాఠశాలతోనే ఆగింది. పెళ్లిళ్లలో, పండుగల్లో పాడే ‘బొంబా’ అనే స్త్రీల బృందానికి ఆమె ముఖ్య గాయని. 1954 జూలై 7న, తరువాత దేశానికి మొదటి అధ్యక్షుడైన జూలియస్ నైరేరే నాయకత్వంలో, స్వాతంత్ర్యం కోసం పోరాడే ‘టాను’ పార్టీ ఏర్పడినప్పుడు, ప్రభుత్వోద్యోగులు అందులో చేరకూడదని బ్రిటిష్ పాలకులు నిషేధం విధించడంతో చదువుకున్న మగవాళ్లు చాలామంది వెనుకాడవలసి వచ్చింది. వీధుల్లో చిరుతిళ్లు అమ్ముకునే స్త్రీలకు, ఇంట్లో బీరు కాచి అమ్ముకునే స్త్రీలకు ఆ భయం లేదు. 1955లో మహిళా విభాగం బాధ్యత తీసుకున్న టిటీ, తనకు పరిచయమున్న పాటల బృందాల ద్వారానే పేటపేటకూ వెళ్లి, కొద్ది నెలల్లోనే వేలమంది స్త్రీలను పార్టీలో చేర్పించారు. 1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం వచ్చేనాటికి నైరేరే తరువాత దేశమంతటా పేరు తెలిసిన నాయకుల్లో ఆమె ముందు వరుసలో ఉన్నారు.

ఈ యాత్రలో ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు ఆమె పేరిట ఉన్న రోడ్డు, దానిని ఆనుకుని ఉన్న మ్నాజీ మ్మోజా మైదానం. వలస పాలకులు ఆఫ్రికన్లు ఉండే కరియాకూ పేటను భారతీయులు, యూరోపియన్లు ఉండే పట్నం నుంచి వేరు చేయడానికి ఈ ఖాళీ స్థలాన్ని ఉంచారు. తూర్పున గుజరాతీల పాత దుకాణాలు, గుళ్లు ఉన్న కిసుటు, పడమట కరియాకూ. ఆఫ్రికన్ పేట స్త్రీలను కూడగట్టిన మనిషి పేరు ఇప్పుడు సరిగ్గా ఆ రెంటి నడుమ సాగే రోడ్డుకు ఉండటం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మైదానంలో స్వాతంత్ర్య జ్యోతి స్మారకం ఉంది. పక్కనే లుముంబా వీధిలో టాను వారసత్వ పార్టీ కార్యాలయం ఉంది. ఇవన్నీ నడిచి చూడవలసినవే, కాబట్టి ఎండ ముదరకముందే బయలుదేరడం మంచిది.

మగోమెని పేటలో నైరేరే 1950లలో నివసించిన చిన్న ఇంటిని మ్యూజియంగా ఉంచారు. నిరాడంబరమైన ఆ గదులు తప్పక చూడదగినవి. అయితే అక్కడికి వెళ్లేవారికి టిటీ జీవితంలోని రెండో సగం కూడా తెలిసి ఉండాలి. ఆమె 1965 ఎన్నికలలో రుఫిజీ స్థానంలో ఓడిపోయారు. దేశాన్ని సోషలిజం వైపు నడపడానికి నైరేరే తెచ్చిన 1967 అరుషా ప్రకటనలో, నాయకులు ఇళ్లు అద్దెకు ఇవ్వకూడదన్న నిబంధనను వ్యతిరేకించి పదవులు వదులుకున్నారు. 1969లో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర చేశారన్న ఆరోపణపై ఆమెను అరెస్టు చేశారు. ఆమె నేరాన్ని అంగీకరించలేదు. అయినా యావజ్జీవ శిక్ష పడింది, 1972లో క్షమాభిక్షతో విడుదలయ్యారు. ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దాలు ఆమె పేరు బహిరంగంగా వినిపించలేదు. 1991లో, స్వాతంత్ర్యం వచ్చి ముప్పై ఏళ్లయిన సందర్భంలో, పార్టీ పత్రికే ఆమెను స్వాతంత్ర్య పోరాట వీరనారిగా కీర్తించింది. 2000 నవంబర్ 5న ఆమె జొహానెస్‌బర్గ్‌లో మరణించారు. నైరేరే ఇంటికి దక్కిన శ్రద్ధలో కొంతైనా ఈమె జ్ఞాపకాలకూ దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. రోడ్డు పేరు ఒక్కటే కొత్త తరానికి ఏమి చెప్పగలదు?

బసకు నా సలహా కిసుటు లేదా ఉపాంగా. చూడవలసినవి నడకదూరంలో ఉంటాయి, శాకాహారం సులభంగా దొరుకుతుంది. మసాకీ వైపు సముద్రతీర హోటళ్లు ప్రశాంతంగా, శుభ్రంగా ఉంటాయి గానీ ధరలు ఎక్కువ, పైగా సాయంత్రం రద్దీలో రాకపోకలకే సమయం పోతుంది. కరియాకూలో చవక లాడ్జీలున్నాయి. నేను దిగిన ఒకదానిలో గది శుభ్రంగానే ఉన్నా కింది సందులోని బేరసారాల గోల అర్ధరాత్రి దాకా ఆగలేదు, నీళ్లూ సన్నగా వచ్చాయి. పిల్లలతో వెళ్లేవారికి దానిని సూచించలేను. భోజనానికి మాత్రం కరియాకూయే మేలు: కొబ్బరిపాలతో వండిన మ్చిచా మన తోటకూర కూరే, అన్నంలోకి మహారాగే అనే చిక్కుడుగింజల కూర కూడా ఉంటే మాంసం తిననివారికి లోటేమీ ఉండదు.

మొరోగోరో రోడ్డు మీదుగా నడిచే ‘మ్వెండోకాసి’ బస్సులకు ప్రత్యేక దారి ఉంది కాబట్టి మగోమెనికి అవే మేలు. ఉదయం, సాయంత్రం మాత్రం నిలబడే చోటు కూడా దొరకదు. దగ్గరి దూరాలకు బజాజీ, అంటే మన ఆటోయే, సరిపోతుంది. ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. గైడును కుదుర్చుకునేటప్పుడు టిటీ గురించి చెప్పగలరా అని ముందే అడగండి. నాకు మొదట కుదిరినతను బ్రిటిష్ వారికి ముందు పాలించిన జర్మన్ల కట్టడాల గురించి చక్కగా చెప్పినా ఆమె దగ్గరికి వచ్చేసరికి పేరుతోనే ఆగిపోయాడు. తరువాత కరియాకూలో పుట్టిపెరిగిన ఒక పెద్దావిడ, ఆమెకు ‘షికామో’ అని నమస్కరించి అడిగితే, ఆనాటి పాటల బృందాల గురించి ఎంతో ఓపికగా వివరించారు.

2019 జూన్ నుంచి దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం, పచ్చళ్లు, పొడులు సర్దుకునేవారు గుడ్డ సంచులు వాడాలి. మార్చి నుంచి మే దాకా భారీ వానలు పడతాయి, నడక యాత్రకు జూన్ నుంచి సెప్టెంబర్ వరకు అనుకూలం.