బ్లూస్ వినడానికి ఏ ఊరు మేలు: సెయింట్ లూయిస్, మెంఫిస్, క్లార్క్స్‌డేల్?

సెయింట్ లూయిస్ నుంచి మిసిసిపీ నది వెంట కారులో దక్షిణానికి దిగేవాళ్లలో చాలామంది మెంఫిస్‌లో ఆగుతారు. బీల్ స్ట్రీట్‌లో ఒక సాయంత్రం తిరిగి, అమెరికా నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ విన్నామని సంతోషపడి ఇంటిదారి పడతారు. హైవే 61 మీద ఇంకో గంటన్నర వెళ్తే క్లార్క్స్‌డేల్ వస్తుంది. లాంగ్ వీకెండ్‌లో ఉన్నవి రెండే రాత్రులైనా, ఒకటి ఆ ఊళ్లోనే గడపాలంటాను.

చిన్నపిల్లలుంటే సెయింట్ లూయిస్ సుఖం. పగలు గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద కమాను, 2016లో తెరిచిన నేషనల్ బ్లూస్ మ్యూజియం, సాయంత్రం బ్రాడ్‌వేలో బీబీస్ లాంటి చోట భోజనంతో పాటు సంగీతం. సంగీతం మంచిదే, కానీ దానికోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు.

మెంఫిస్ సంగతి వేరు. పగటిపూట దానికి సాటి లేదు. 1950లో మొదలైన సన్ స్టూడియోకు రాక్ గాయకుడు ఎల్విస్ రాకముందే బ్లూస్ గాయకులు హౌలిన్ వుల్ఫ్, బీబీ కింగ్ అక్కడ పాడారు. లొరేన్ మోటెల్‌లోని పౌరహక్కుల మ్యూజియాన్ని మాత్రం వదలకండి. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఈ పాటలు ఎలాంటి బతుకుల్లోంచి పుట్టాయో అక్కడ తెలుస్తుంది. రాత్రి బీల్ స్ట్రీట్‌లో వాయించేవాళ్లు గట్టివాళ్లే. కానీ పక్కపక్కనే నాలుగు బ్యాండ్ల హోరు, నియాన్ లైట్లు, టూరిస్టుల సందడి. పాట మీద మనసు నిలవదు.

క్లార్క్స్‌డేల్ జనాభా పదిహేను వేలు కూడా ఉండదు. చుట్టూ పొలాలు, ఊళ్లో మూతబడ్డ దుకాణాలు. ఊరి దగ్గరి స్టోవాల్ పత్తి తోటలో ట్రాక్టర్ నడిపిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాటల్ని 1941లో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ వచ్చి రికార్డు చేశాడు. రెండేళ్లకు మడ్డీ వాటర్స్ షికాగో వెళ్లిపోయాడు. ఆయన ఉన్న చెక్క ఇల్లు ఇప్పుడు డెల్టా బ్లూస్ మ్యూజియంలో ఉంది. అది చూసి, రాత్రి రెడ్స్ లౌంజ్ అనే బార్‌కు వెళ్లండి. చిన్న గది, ఎర్ర దీపాలు. గాయకుడు చేతికందేంత దగ్గర. వేలికి తొడిగిన గొట్టం గిటార్ తీగ మీద జారుతుంటే ఒక స్వరం ఇంకో స్వరంలోకి కరిగిపోవడం కళ్లతో చూడొచ్చు. గోటువాద్యం విన్న చెవికి ఆ జారుడు పరాయిదిగా అనిపించదు. గొంతు ఒక మాట అని ఆగుతుంది, గిటార్ బదులిస్తుంది. పెద్ద హాలు, భోజనం కావాలంటే గ్రౌండ్ జీరో అనే బ్లూస్ క్లబ్ ఉంది. 2001లో దాన్ని పెట్టినవాళ్లలో నటుడు మోర్గన్ ఫ్రీమన్ ఒకరు.

ఇబ్బందులూ ఉన్నాయి. శాకాహారులకు తిండి దొరకడం కష్టం, మెంఫిస్‌లోనే ఏదైనా కట్టించుకోండి. ప్రవేశానికి నగదు దగ్గర పెట్టుకోండి. క్యాబ్‌ల మీద ఆశ వద్దు, కాబట్టి కారు నడిపేవాళ్లు మందు ముట్టకూడదు. పిల్లల్ని రానిస్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగాలి.

శుక్రవారం రాత్రి మెంఫిస్, శనివారం మ్యూజియం మూసేలోపు క్లార్క్స్‌డేల్ చేరడం నాకు నచ్చిన వరస. ఏప్రిల్‌లో క్లార్క్స్‌డేల్‌లో జరిగే బ్లూస్ పండగ జూక్ జాయింట్ ఫెస్టివల్‌కైతే గదులు చాలా ముందే బుక్ చేసుకోవాలి.