నల్లరేగడిలో సాగే తాడు: చాన్నాళ్లు వాడాక నా మాట

కొలతలు, లోడు లెక్కలు అమ్మేవాళ్లే చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నాది 9 మీటర్ల నైలాన్ కైనెటిక్ రోప్, అంటే దిగబడ్డ బండిని ఇంకో బండితో లాగడానికి వాడే సాగే తాడు. రెండు చివర్లకూ సాఫ్ట్ షాకిల్స్, అంటే హుక్కుకు తగిలించడానికి తాడుతోనే అల్లిన కొక్కేల్లాంటివి. ఇందులో నాకు నచ్చింది ఒక్కటే, సాగడం. నచ్చడమంటే మామూలుగా కాదు, కనబడ్డ ప్రతివాడికీ దాని గురించే చెప్పి ఇంట్లో తిట్లు తినేంత.

మా పాలమూరు వైపు బండి దిగబడితే అందరికీ తెలిసిన మందు ట్రాక్టరు, ఇనుప గొలుసు. గొలుసు సాగదు, అందుకే ట్రాక్టరు కదలగానే దెబ్బంతా హుక్కు మీదే పడుతుంది. బంపరన్నా ఊడొస్తుంది, లేదంటే గొలుసు తెగి ఎవరి మీదికి పోతుందో దేవుడికే తెలియాలి. నైలాన్ తాడు బరువు పడితే 30 శాతం దాకా సాగి, ఆ బలాన్ని తనలో దాచుకొని మెల్లగా వదులుతుంది. ఇదంతా చదివినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. మక్తల్ దగ్గర చూశాకే కలిగింది.

మక్తల్ దాటాక కృష్ణ వైపు పోయే పత్తి చేన్ల మధ్య బండ్ల బాట అది. పైకి ఆరినట్టే ఉంది, కింద మాత్రం నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బి ఉంది. ఆ మన్ను టైరు బటన్ల మధ్య దూరిందంటే టైరు నున్నటి రోలరైపోతుంది. నా థార్ చక్రాలు తిరుగుతున్నాయి, బండి ముందుకు పోకుండా కిందికి పోతోంది, కాసేపటికి కడుపు మన్నుకు ఆనింది. వెనక ఉన్నది మా బావమరిది పాత జిప్సీ ఒక్కటే, దాని బరువు నా బండిలో సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

చేన్లో కలుపు తీస్తున్న పెద్దాయన వచ్చి చూసి, "గా డబ్బా బండి దీన్ని గుంజుతదా? ఆగుండ్రి, ట్రాక్టర్ పిలుస్త" అన్నాడు. "జర ఆగు పెద్దయ్యా, ఒకసారి చూద్దాం" అన్నాను కానీ లోపల టెన్షనే. పక్కకు తిప్పి చేన్లోంచి పోతే సులువే, కాకపోతే ఆయన పత్తి సాళ్లు తొక్కాలి, అందుకే వచ్చిన దారినే వెనక్కి లాగాలనుకున్నాం. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దింపి, చక్రాల వెనక మన్ను పారతో తీశాం. తాడు ఒక చివర నా బండి వెనక చాసిస్‌కు బోల్టులతో బిగించిన హుక్కుకు, రెండోది జిప్సీ ముందు హుక్కుకు. ట్రాలీ తగిలించే బాల్‌కు మాత్రం ఎంత తొందరున్నా కట్టకండి, అది విరిగి ఎగిరి ఆస్ట్రేలియాలో మనుషులు పోయారు. బండిని లారీ మీద కట్టడానికి కింద ఇచ్చే రంధ్రాలూ అంతే, ఈ పనికి రావు. ఒకవేళ తెగితే తాడు ఎగరకుండా మధ్యలో తడి గోనెసంచి వేసి, చూడ్డానికి చేరిన జనాన్ని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం పంపాం. వాళ్లు అంత దూరం పోవడానికే ఎక్కువసేపు పట్టింది.

తాడు కొంచెం వదులుగా ఉంచి జిప్సీ లో-రేంజ్ గేర్లో (వేగం తక్కువ, బలం ఎక్కువ) రివర్స్ అందుకుంది. తాడు నేల మీంచి లేచి బిగిసింది, సన్నబడింది, జిప్సీ ఇంకా వెనక్కి పోతూనే ఉంది, నా బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక తెగుతుందిరా అనుకునేలోపు కింద బురద చప్పరించినట్టు చప్పుడైంది, బండి బయటికొచ్చేసింది. కుదుపన్నదే లేదు, డ్యాష్‌బోర్డు మీది నీళ్ల బాటిల్ కూడా పడలేదు. పెద్దాయన తాడు చేత్తో నొక్కి చూసి "గిదేం తాడు బిడ్డా, రబ్బరా?" అన్నాడు. చక్రాల కింద తుమ్మకొమ్మలు నరికి వేసే పని, చెట్టుకు తాడు కట్టి లాగి దాని బెరడు ఒలిచే పని తప్పాయి. చక్రాలు చేసిన గాళ్లు పూడ్చే పని మాత్రం తప్పలేదు. రేపు ఆ బాటలో ఎడ్లబండి పోవాలి, పైగా అట్లాగే వదిలేస్తే వచ్చే వానకు నీళ్లన్నీ ఆ గాళ్ల వెంటే పారి బాటను కోసేస్తాయి.

ఇంత పొగిడాక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. నల్లరేగడి ఈ తాడుకు కూడా శత్రువే. ఇసుకరేణువులు పోగుల మధ్య చేరి లోపల్నుంచే కోస్తాయి, అందుకని ప్రతిసారీ బకెట్లో నానబెట్టి పిసికి కడగాలి. ఎన్ని నీళ్లు మార్చినా నలుపు వస్తూనే ఉంటుంది. ఆరబెట్టేది నీడలోనే, ఎండకు నైలాన్ పాడవుతుంది. ఇప్పుడు నా తాడు కొత్తలో ఉన్నంత మెత్తగా లేదు, తడిస్తే బలం కూడా కొంత తగ్గుతుంది. వెంటవెంటనే లాగితే వేడెక్కుతుంది, మధ్యలో కాసేపు వదిలేయాలి. ఈ ఓపిక లేనివాళ్లకు ఒక్క వానాకాలం కూడా ఆగదేమో.

ఇంకో సంగతి, గాలి కొట్టే చిన్న మిషన్ కొన్నప్పటి నుంచి తాడు డిక్కీలోంచి తీసే అవసరమే తగ్గింది. గాలి దింపితే సగం చోట్ల బండి దానంతటదే వచ్చేస్తోంది, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకుంటే సరి. తాడుందన్న ధైర్యంతో చెరువు శిఖంలోకి దింపేవాళ్లనూ చూశాను, పిట్టలు గుడ్లు పెట్టే చోట ఆ సరదా ఏంటో నాకైతే అర్థం కాదు. అమ్రాబాద్ అడవికి తీసుకుపోవచ్చా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అది పులుల అడవి, రోడ్డు దిగడానికే లేదు, ఇక తాడుతో పనేముంది?

కొనాలా అంటే, నాకైతే పనికొచ్చింది, ఎందుకంటే వెనక లాగడానికి జిప్సీ ఉంది. ఒక్కడే పోయేవాడికి ఈ తాడు డిక్కీలో బరువే, ముందు గాలి మిషన్, పార కొనుక్కోవడం మేలు. మా బావమరిది జిప్సీ అమ్మేస్తానని తిరుగుతున్నాడు, అమ్మేస్తే నా మాట కూడా మారుతుంది.