‘హిట్ 3’: కేసు కంటే కత్తి ముందు నడిచింది

నెత్తురు ఎక్కువైందనేవాళ్లకూ, నాని ఇరగదీశాడనేవాళ్లకూ మధ్య ‘హిట్: ద థర్డ్ కేస్’ మీద వాదన ఇంకా తెగలేదు. 2025 మే 1న సినిమా వచ్చినప్పుడు సమీక్షకులూ ఇట్లే చీలిపోయారు. నాని తెగింపునూ, పోరాటాల జోరునూ మెచ్చినవాళ్లు కొందరు. హింస హద్దు దాటిందనీ, దర్యాప్తు పలచబడిందనీ రాసినవాళ్లు ఇంకొందరు. ఈ రెండు ఫిర్యాదులనూ ఒకే మూటలో కట్టడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. హింస ఈ సినిమాకు పెద్ద లోపం కాదు. హిట్ అంటే హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్. హత్యల గుట్టు విప్పే జట్టు పేరు పెట్టుకుని, గుట్టు విప్పే పనినే తగ్గించుకోవడం అసలు లోపం.

దర్శకుడు శైలేష్ కొలనుకు ఆ పని రాదా అంటే, బాగా వచ్చు. 2020లో విశ్వక్ సేన్‌తో తీసిన మొదటి కేసులో దర్యాప్తు చేసే పోలీసు విక్రమ్‌కు తెలిసినంతే మనకూ తెలుస్తుంది, అతను తప్పుగా అనుమానిస్తే మనమూ తప్పుగానే అనుమానిస్తాం. 2022లో అడివి శేష్‌తో తీసిన రెండో కేసులో, దొరికిన శరీర భాగాలు ఒకే మనిషివి కావని తేలిన క్షణంలో కథ మొత్తం తిరగబడుతుంది. ఒక ఫోరెన్సిక్ మాట చేసిన పని అది. అక్కడ కత్తి లేదు, ఫైట్ లేదు, అయినా హాల్లో చప్పుడు ఆగిపోతుంది.

మూడో కేసు తెరవడం మాత్రం బ్రహ్మాండంగా తెరుస్తుంది. నాని వేసిన ఎస్పీ అర్జున్ సర్కార్ స్వయంగా ఒక మనిషిని తలకిందులుగా వేలాడదీసి చంపుతాడు. చంపింది ఎవరో మొదటే చూపించేశారు కాబట్టి ‘ఎందుకు?’ అన్న ప్రశ్న మాత్రమే మిగులుతుంది. చాలా బలమైన ఎత్తు. జమ్మూ కాశ్మీర్‌లో అదే పద్ధతి హత్య, ఇతర రాష్ట్రాల్లో అలాంటివే మరికొన్ని, వాటి వెనక డార్క్ వెబ్‌లో, అంటే మామూలు బ్రౌజర్లకు అందని చాటు ఇంటర్నెట్‌లో నడిచే ‘సీటీకే’ ముఠా: క్యాప్చర్, టార్చర్, కిల్. చంపి వీడియో పెడితేనే అందులో సభ్యత్వం.

ఈ నియమం తెలిసిన దగ్గర్నుంచి అర్జున్ పని మారిపోతుంది. హంతకుణ్ని వెతకడం పోయి, హంతకుల మధ్యకు చేరడం వస్తుంది. ప్రేక్షకుడి చేతిలో ఇక పని లేదు. అనుమానించడానికి నలుగురు మనుషులు లేరు, ఒకరి మాటను ఇంకొకరి మాటతో పోల్చుకునే అవకాశం లేదు. ఆధారం అన్నది వాడుకోవడానికి ముందే మన కళ్లముందు పడాలి, కనీసం ఒక్కసారి దాన్ని మనం తప్పుగా అర్థం చేసుకోవాలి, తర్వాత అదే ఆధారం కొత్త అర్థంతో తిరిగి రావాలి. ఇక్కడ ఆధారం వచ్చిన మరుక్షణమే ఖర్చయిపోతుంది. పోలీసుకథకు సహజంగా దొరికే సరుకు ఎంతో ఉంది: శవపంచనామా, పోస్టుమార్టం, చచ్చిన వేళను చెప్పే శరీరం బిగుసుకుపోవడం. అది రెండు మూడు గంటల్లో మొదలై, పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా పాకి, ఒకటిన్నర రోజుకు సడలుతుంది. వాతావరణాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. కాశ్మీర్ చలిలో శవం చెప్పే వేళ వేరు, విశాఖ ఉక్కలో చెప్పే వేళ వేరు. రెండు చోట్లా అడుగుపెట్టిన కథ ఈ తేడాతో ఒక మంచి మలుపు అల్లుకోవచ్చు.

ఇంకొకటి కూడా తప్పించుకున్నారు. పోలీసు మారువేషంలో ముఠాలో చేరినా, హత్య హత్యే. భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష చెప్పే 103వ సెక్షన్ యూనిఫామ్‌కు మినహాయింపు ఇవ్వదు. సభ్యత్వ రుసుమే హత్య అయినప్పుడు ఈ చిక్కుముడి కథకు గుండెకాయ కావాలి. తెర మీద దాని బరువు కొద్దిసేపే కనిపిస్తుంది, తర్వాత పోరాటాలు దాన్ని మింగేస్తాయి.

ఇక హింస సంగతి. సీమ ప్రేక్షకుడికి తెరమీద నెత్తురు కొత్త కాదు. 1999 సంక్రాంతికి వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తర్వాత కొన్నేళ్లపాటు కర్నూలు, కడప, అనంతపురం పేర్లు సినిమాల్లో సుమోలకూ, బాంబులకూ, వేటకొడవళ్లకూ మారుపేర్లయ్యాయి. ఆ ముద్రకు మన ఊళ్లలో నొచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. అయినా ఆ కథల్లో ఒకటి తప్పకుండా ఉండేది: ఎవడు ఎవణ్ని ఎందుకు నరికాడో అందరికీ తెలుసు. పొలం గట్టు, తండ్రి చావు, పంచాయతీలో పోయిన మాట. చావుకు ఒక ఇల్లు ఉండేది, ఆ ఇంట్లో ఏడ్చేవాళ్లు ఉండేవాళ్లు. 2018లో ‘అరవింద సమేత’ ఆ ఏడ్చే ఆడవాళ్ల వైపే కెమెరా తిప్పింది, అందుకే ఆరంభంలోని నరుకుడు కంటే తర్వాతి మాటలు ఎక్కువ నిలిచాయి.

‘హిట్ 3’లో చంపేవాడికీ చచ్చేవాడికీ ఏ సంబంధమూ లేదు. చంపడమే వాళ్లకు సుఖం. మొదట ఇది నిజంగానే వణికిస్తుంది, కారణం లేని చావు కంటే భయం ఇంకేముంటుంది? అయితే కారణం లేని చావు పదిసార్లు జరిగితే పదోసారికి అది లెక్క మాత్రమే. ‘ఎందుకు చంపినాడప్పా?’ అని అడిగే అలవాటున్న మన ప్రేక్షకుడికి రెండో సగంలో జవాబు దొరకదు. సినిమా నచ్చినవాళ్లు కూడా ఇంటికొచ్చాక చచ్చినవాళ్లలో ఒక్కరి పేరూ చెప్పలేకపోవడానికి కారణం అదే.

అరుణాచల్‌లోని ముఠా స్థావరంలో జరిగే ఆ రెండో సగాన్ని సాంకేతికంగా తీసిపారేయలేం. సాను జాన్ వర్గీస్ కెమెరా చీకటిని భయం లేకుండా వాడింది. చిక్కు ధ్వనిలో ఉంది. కోత, విరుపు చప్పుళ్లను స్టూడియోలో కూరగాయలు విరిచి, తడిగుడ్డ పిండి తయారుచేస్తారు. భయం కంటికంటే చెవికే ముందు అందుతుంది. అదే మోతాదులో ఆ చప్పుడు ఆపకుండా వినిపిస్తే చెవి మొద్దుబారుతుంది. నడుమ నిశ్శబ్దం ఉండాలి. మిక్కీ జె. మేయర్ నేపథ్య సంగీతం ఆ జాగాలను కూడా నింపేసింది. అర్జున్ సర్కార్ నడిచివస్తుంటే ఈలలకు అది పనికొచ్చింది, ఉత్కంఠకు మాత్రం అడ్డమైంది.

నాని విషయంలో మెచ్చుకున్నవాళ్లదే న్యాయం. పక్కింటి అబ్బాయి మొహాన్ని కరుకుగా మార్చడం కండలతో అయ్యే పని కాదు. అతను ఎదుటివాడి మాట పూర్తి కాకముందే చూపు తిప్పేసుకుంటాడు, విసుగును కోపం కంటే ముందు పెడతాడు. ఆ చిన్న చేష్టలతో పాత్ర నిలబడింది. శ్రీనిధి శెట్టి మృదుల పాత్రకు మొదట దొరికిన చోటు తర్వాత దొరకలేదు.

ఆ పక్కింటి అబ్బాయి పేరే ఇక్కడ తిప్పలు తెచ్చింది కూడా. నాని సినిమా అంటే ఆడవాళ్లూ పిల్లలూ కలిసి వెళ్లడం మన ఊళ్లలో అలవాటు, పైగా మే నెల, బడులకు సెలవులు, బయట నలభై డిగ్రీల ఎండ, లోపల ఏసీ. సినిమాకు వచ్చింది ‘ఎ’ సర్టిఫికెట్. పిల్లలు రావద్దని నాని ముందే చెప్పాడు. ‘ఎ’ అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ప్రవేశమే లేదు, అమ్మానాన్నలు పక్కనున్నా సరే. పెద్దలు వెంట ఉంటే చాలన్నది ‘యు/ఎ’కు వర్తించే మాట. ఈ రెండూ కలిపేసుకుని వెళ్లి, మొదటి సీన్‌కే పిల్లల కళ్లు మూయాల్సి వచ్చినవాళ్ల కోపాన్ని సినిమా మీద తీర్పుగా తీసుకోకూడదు. గేటు దగ్గర వయసు అడగని థియేటర్‌కూ అందులో వాటా ఉంది.

థియేటర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ‘ఏం కనపడలేదు, అంతా చీకటే’ అన్న ఫిర్యాదు చాలాసార్లు సినిమాది కాదు, ప్రొజెక్టర్‌ది. తెర నడుమ వెలుగు 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) ఉండాలని డిజిటల్ సినిమా ప్రమాణం. ల్యాంప్ గంటలు మీరి వాడినా, 3డి ఫిల్టర్ తీయకుండా మామూలు సినిమా వేసినా ఆ వెలుగు బాగా పడిపోతుంది, రాత్రి సీన్లు బొగ్గుముద్దలౌతాయి. ధ్వనిదీ అదే కథ. సినిమా ధ్వనిని కలిపి సరిచూసేది థియేటర్ వాల్యూమ్ మీట, అంటే ఫేడర్, 7 దగ్గర ఉంటుందన్న లెక్కన. హోరు ఎక్కువని దాన్ని 5కు దించితే గుసగుస మాటలు పోతాయి. పోలీసుకథలో ఆధారాలు ఉండేది ఆ గుసగుసల్లోనే.

ఇప్పుడు చూడాలనుకునేవాళ్లకు నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 2025 మే 29 నుంచి. 157 నిమిషాలు. రాత్రి లైటు ఆర్పి చూడండి, టీవీలో కదలికలను అతిగా నునుపు చేసే ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయండి, లేకుంటే ఫైట్లు సీరియల్ లాగా జారిపోతాయి. మాటలు సన్నగా, దెబ్బలు గట్టిగా వినిపిస్తుంటే ఆడియోలో 5.1 (ఆరు చానళ్ల ధ్వని) తీసేసి స్టీరియో పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో వాళ్ల ప్రొఫైల్ తెరిచి, వయసు పరిమితి తగ్గించి, ఈ సినిమా పేరును విడిగా అడ్డుకునే జాబితాలో చేర్చండి. పెద్దల ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ పెట్టకపోతే మాత్రం ఇదంతా వృథా, పిల్లలు పక్క బొమ్మ నొక్కి లోపలికి వెళ్లిపోతారు. మొదటి రెండు కేసులు చూడనివాళ్లు రెండోది చూశాకే దీనికి రండి. అర్జున్ సర్కార్ తొలిసారి కనిపించేది దాని చివర్లోనే.