బండల ఫ్యాక్టరీ స్టోరులో రెండు డబ్బాల పద్ధతి: ఏడేళ్లు వాడాక

తాడిపత్రిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీ స్టోరులో ఏడేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇది. ప్రతి స్పేరు పార్టుకూ రెండు డబ్బాలు. ముందు డబ్బా ఖాళీ అయ్యేదాకా వెనక డబ్బా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అందులోని ఎర్ర కార్డు ఆ పూటే ఆఫీసుకు చేరాలి, ఆర్డరు వెళ్లాలి. కంప్యూటరు అక్కర్లేదు. కొత్తగా చేరిన హెల్పరుకూ ఒక్కరోజులో అర్థమవుతుంది. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లలాంటి రోజువారీ సరుకుకు ఇంతకన్నా నమ్మకమైనది నేను చూడలేదు.

కిటుకంతా వెనక డబ్బాలో ఎన్ని పెట్టాలన్న దాంట్లో ఉంది. చాలామంది సరుకు మామూలుగా ఎన్నాళ్లకు వస్తుందో చూసి లెక్క కడతారు. అక్కడే దెబ్బ తింటారు. ఆర్డరు పెట్టిన తేదీ, పార్సిల్ చేతికొచ్చిన తేదీ నోటుబుక్కులో రాస్తూ, చివరి పది ఆర్డర్లలో అన్నిటికన్నా ఆలస్యమైనదాన్ని తీసుకోవాలి. 6308 సైజు బేరింగులు వారానికి మూడు పోతాయనుకోండి. మామూలుగా 4 రోజుల్లో వచ్చేవి ఒకసారి 12 రోజులు పట్టాయి. 12 రోజులకు ఆరు, పనికిరానివి తేలితే వాడటానికి ఇంకో రెండు, మొత్తం ఎనిమిది. నాలుగు రోజుల లెక్కన రెండే పెట్టుకున్నవాళ్లకు దసరా సెలవుల్లో పార్సిల్ రాకపోతే మిషన్ ఆగినట్టే.

బెల్టులను విడిగా లెక్కపెట్టకండి. నాలుగు గాళ్ల పుల్లీకి నాలుగూ కలిపి ఒక సెట్టు. తాడుతో కట్టి ఒకే కార్డు పెట్టాలి. తెగిన ఒక్కటే మారిస్తే, పాతవి మూడూ సాగి ఉంటాయి కాబట్టి బరువంతా కొత్తదాని మీదే పడి అదీ త్వరగా పోతుంది. కొత్త సెట్టు ఎప్పుడూ అడుగున పెట్టాలి, లేకుంటే రబ్బరు ఎండిపోయిన పాత సెట్లు కిందే మిగిలిపోతాయి.

బ్లేడు అంచుకు అతికించే, రాయిని కోసే డైమండ్ సెగ్మెంట్ల విషయంలో ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. కొలత ఒకటే అయినా బాండు, అంటే వజ్రపు రేణువులను పట్టి ఉంచే లోహం, వేరైతే ఆ సరుకు ఉన్నా లేనట్టే. గట్టి రాయికి మెత్తటి బాండు కావాలి. అందుకే రెండో సప్లయర్ సెగ్మెంట్లను అవసరం రాకముందే ఒక బ్లేడుకు పూర్తిగా వేయించి, ఎన్ని చదరపు అడుగులు కోసిందో రాసిపెట్టుకోవాలి. ఒకే బ్లేడుకు రెండు రకాలు కలిపితే అరుగుదల ఎగుడుదిగుడై కోత వంకర పోతుంది.

ఇద్దరు సప్లయర్లున్నారన్న ధైర్యం కూడా ఒక్కోసారి ఉత్తదే. ఇద్దరూ ఒకే డిస్ట్రిబ్యూటరు దగ్గర తెస్తుంటే, ఒకే దారిన పంపుతుంటే ఒక్కరున్నట్టే. 2021 నవంబరు వరదల్లో కడప దారిలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అలాంటప్పుడు కడప వైపు ఒకరు, 44వ నంబరు హైవే మీద హైదరాబాదు వైపో బెంగళూరు వైపో ఇంకొకరు ఉన్న ఫ్యాక్టరీ తట్టుకుంటుంది. సరుకు ఎక్కడ తెస్తున్నారో, ఏ ట్రాన్స్‌పోర్టులో వేస్తున్నారో నేరుగా అడగండి, కార్డు వెనక రాయండి.

క్వారీ దిమ్మలకు ఈ డబ్బాల లెక్క పనికిరాదు. వానలు ముదిరితే గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, కాబట్టి ఆగస్టులోనే యార్డు నింపుకోవాలి. ఎప్పుడో ఒకసారి పోయే పెద్ద మోటారుకూ పనికిరాదు. దానికి ఒక స్టాండ్‌బై ఉండాల్సిందే. దాన్ని గోనెపట్ట కప్పి మరిచిపోకుండా, బేరింగు బాళ్లు ఒకేచోట నిలిచి గాట్లు పడకుండా నెలకోసారి షాఫ్టు చేత్తో తిప్పాలి. వానాకాలంలో బిగించేముందు, వైండింగుకు తేమ పట్టి ఇన్సులేషన్ దెబ్బతిందేమో కొలిచే మెగ్గరు పెట్టి చూడాలి.