వేరుకాపురం ఎప్పుడు పెట్టాలి? గ్రూపు సింగర్ సోలో బాట: ఏది మేలు?

1996 ఫిబ్రవరిలో టేక్ దట్ అనే బ్రిటిష్ కుర్రాళ్ళ పాప్ గ్రూపు విడిపోతోందని ప్రకటన వచ్చిన రోజు, వీళ్ళలో సోలోగా ఎవరు నిలబడతారో పందెం కట్టమని ఇంగ్లండ్‌లో ఎవరినైనా అడిగితే, కళ్ళు మూసుకుని గ్యారీ బార్లో మీద కట్టేవారు. పాటల్లో ఎక్కువ భాగం రాసింది ఆయనే, పాడిందీ ఆయనే. ఏడు నెలల ముందే, 1995 జులైలో బయటికి వచ్చేసిన రాబీ విలియమ్స్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గ్రూపులో అందరికంటే చిన్నవాడు, అల్లరి పిల్లాడు. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ఒయాసిస్ రాక్ బ్యాండ్ వాళ్ళతో తిరుగుతూ ఫొటోలకెక్కాడు. సగం తను వెళ్ళాడు, సగం మిగతావాళ్ళు పొమ్మన్నారు. "పాటలు రాయనివాడు బయటికెళ్ళి ఏం చేస్తాడు?" అన్నదే అప్పటి లెక్క.

మొదట్లో ఆ లెక్క నిజమైంది కూడా. 1996 జులైలో గ్యారీ మొదటి సోలో సింగిల్, అంటే విడిగా రిలీజ్ చేసిన ఒక్క పాట, నేరుగా బ్రిటన్ చార్టులో నంబర్ వన్. రెండో సింగిల్ కూడా నంబర్ వన్. 1997లో వచ్చిన ఆల్బమ్ కూడా అంతే. రాబీ మాత్రం పాత కాంట్రాక్టులో ఇరుక్కుని దాదాపు ఏడాది పాటు ఏమీ రిలీజ్ చేయలేకపోయాడు. చివరికి వచ్చింది జార్జ్ మైకేల్ పాత పాట ఒకటి, మళ్ళీ పాడినది. పాత మేనేజర్ కమిషన్ బాకీ అంటూ కోర్టుకెళితే అక్కడా ఓడిపోయాడు. 1997 సెప్టెంబర్‌లో సొంత ఆల్బమ్ వస్తే కొన్ని వారాల్లోనే జారిపోయింది. ఇక పనైపోయింది అనుకున్నారు.

అప్పుడు, ఆ డిసెంబర్‌లో, 'ఏంజెల్స్' సింగిల్‌గా వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ పాట బ్రిటన్‌లో ఏనాడూ నంబర్ వన్ కాలేదు, నాలుగో స్థానం దాకానే వెళ్ళింది. కానీ దిగిపోకుండా అలా నిలబడింది. దాని వెనకే, విడుదలైన 28 వారాలకు, ఆల్బమ్ నంబర్ వన్‌కి ఎక్కింది. 2003 ఆగస్టులో నెబ్‌వర్త్ మైదానంలో మూడు రాత్రులు పాడితే 3,75,000 మంది వచ్చారు. గ్యారీ రెండో ఆల్బమ్ 1999లో వచ్చి 35వ స్థానం దగ్గర ఆగిపోయింది. రికార్డు కంపెనీ వదిలేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆయన వేరేవాళ్ళకి పాటలు రాస్తూ గడిపాడు.

గ్రూపు నుంచి ఎవరైనా సోలోకి వెళ్తున్నారన్న వార్త వచ్చినప్పుడల్లా నాకు ఈ ఇద్దరే గుర్తొస్తారు. మా ఇంట్లో ఈ గొడవ తరచూ వస్తుంది, మా మేనకోడలి పుణ్యమా అని. దాని గదిలో గోడ కనబడదు, బ్లాక్‌పింక్ అనే కొరియా అమ్మాయిల గ్రూపు పోస్టర్లే. "మామయ్యా, వాళ్ళు విడివిడిగా పాడితేనే బాగుంది కదా, ఇంకా గ్రూపెందుకు?" అంటుంది. ఉమ్మడి కుటుంబంలో వేరుకాపురం గొడవ లాంటిదే ఇది. ఎప్పుడు వేరు పడాలి, ఎలా పడాలి, వంటింటి తాళం ఎవరి దగ్గరుండాలి. నాకు తెలిసినంతలో దారులు మూడు: తలుపు ధడాలున వేసి వెళ్ళిపోవడం, అందరూ కూర్చుని మాట్లాడుకుని విరామం తీసుకోవడం, గ్రూపులో ఉంటూనే సొంతంగా పాడుకోవడం.

మొదటి దారికి ఈ తరంలో పెద్ద ఉదాహరణ జేన్ మాలిక్. 2015 మార్చి 25న, టూర్ నడుస్తుండగానే, వన్ డైరెక్షన్ అనే ఐదుగురు కుర్రాళ్ళ గ్రూపు నుంచి తప్పుకున్నాడు. 2016 జనవరి చివర్లో 'పిల్లోటాక్' వచ్చింది. అమెరికాలో నంబర్ వన్, బ్రిటన్‌లో నంబర్ వన్. మార్చిలో వచ్చిన ఆల్బమ్ కూడా రెండుచోట్లా నంబర్ వన్. ఆ వారం చూస్తే ఎవరైనా ఇదే సరైన దారి అంటారు. కానీ 2018 చివర్లో వచ్చిన రెండో ఆల్బమ్ పై వరుసల దరిదాపులకు రాలేదు. స్టేజీ అంటే విపరీతమైన టెన్షన్ అని తనే చెప్పి 2016లోనే కొన్ని షోలు రద్దు చేసుకున్నాడు. మొదటి సోలో టూర్‌కి బయలుదేరేసరికి 2024 నవంబర్ వచ్చేసింది.

ఇక్కడే నాకు ఒక లెక్క తట్టింది. బయటికొచ్చాక వచ్చే మొదటి హిట్ ఆ సింగర్ సంపాదన కాదు. అది ఉమ్మడి ఖాతాలో దాచిన డబ్బు తీసుకోవడం. ఐదేళ్ళపాటు గ్రూపు కూడబెట్టిన అభిమానం, కుతూహలం, "వీడొక్కడే పాడితే ఎలా ఉంటుందో" అన్న ఆత్రం, అన్నీ కలిసి మొదటి పాటని పైకి తోసేస్తాయి. అందుకే గ్యారీకి రెండు నంబర్ వన్‌లు, జేన్‌కి రెండు దేశాల్లో నంబర్ వన్. సొంత సంపాదన ఎంతో తెలిసేది రెండో ఆల్బమ్ దగ్గర. రాబీకి ఆ ఉమ్మడి డబ్బు పెద్దగా అందలేదు, ఏడాది ఆలస్యంలోనే కరిగిపోయింది. బహుశా అదే అతనికి మేలు చేసిందేమో. గై చేంబర్స్ లాంటి తోడు రచయితని వెతుక్కుని, తన గొంతుకి, తన వెటకారానికి సరిపోయే పాటలు తయారు చేసుకోవాల్సి వచ్చింది.

అదే వన్ డైరెక్షన్‌లోని హ్యారీ స్టైల్స్ ది రెండో దారి. 2015 చివరి ఆల్బమ్ తర్వాత మిగిలిన నలుగురూ విరామం అన్నారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. హ్యారీ 2017 ఏప్రిల్ దాకా ఆగాడు. మధ్యలో సినిమాలో నటించాడు, జుట్టు కత్తిరించుకున్నాడు. మొదటి సింగిల్ ఆరు నిమిషాలకు దగ్గరగా సాగే నెమ్మది పాట. గ్రూపు పాటల కోసం ఎగిరే పిల్లలకి అది నచ్చుతుందని ఎవరూ అనుకోరు. అది అమెరికాలో నంబర్ వన్ కాలేదు, నాలుగు దగ్గర ఆగింది. అంటే మొదటి పాట లెక్కన జేన్ గెలిచినట్టే. కానీ హ్యారీ రెండో ఆల్బమ్ 2019లో అమెరికాలో నంబర్ వన్. 2022లో 'యాజ్ ఇట్ వాజ్' అమెరికాలో 15 వారాలు పైన కూర్చుంది. 2023లో గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా వచ్చింది.

అయితే ఈ రెండో దారిని ఇంకా ముందే, ఇంకా తెలివిగా నడిచినవాళ్ళు డెస్టినీస్ చైల్డ్, బియోన్సే ఉన్న అమెరికన్ అమ్మాయిల గ్రూపు. ముగ్గురూ సోలో ఆల్బమ్‌లు చేయాలనుకున్నారు, కానీ ఒకరి మీద ఒకరు పడకుండా వంతులు వేసుకున్నారు. 2002 ఏప్రిల్‌లో మిషెల్ విలియమ్స్ గాస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాల) ఆల్బమ్. తర్వాత కెల్లీ రోలండ్ వంతు. రాపర్ నెల్లీతో ఆమె పాడిన 'డిలెమా' పది వారాలు నంబర్ వన్‌గా కూర్చునేసరికి, బియోన్సే ఆల్బమ్ ఇంకా వెనక్కి జరిగింది. అది 2003 జూన్‌లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఒకే రాత్రి ఐదు గ్రామీలు. అంత పేరు వచ్చాక మళ్ళీ గ్రూపు ముఖం చూడదనుకుంటాం. చూసింది. 2004 నవంబర్‌లో ముగ్గురూ కలిసి ఇంకో ఆల్బమ్ ఇచ్చి, 2005లో టూర్ మధ్యలో ఇక చాలని చెప్పి విడిపోయారు. వేరుకాపురం పెట్టి, పండక్కి వచ్చి, అప్పుడు ఆస్తి పంచుకున్నట్టు.

ఇదంతా మర్యాదగా జరిగిందని మురిసిపోయే ముందు ఒక మాట. ఆ గ్రూపు మేనేజర్ బియోన్సే తండ్రి మాథ్యూ నోల్స్. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదు. బియోన్సే ఆఖరి వంతు దాకా నిశ్చింతగా ఆగగలిగిందంటే అందుకే అని నా అనుమానం. అదే గ్రూపులో ముందు పాడిన లెటోయా లకెట్, లటావియా రాబర్సన్ 2000లో బయటపడి కేసు వేయాల్సి వచ్చింది. ఆ లెటోయా 2006లో సొంత ఆల్బమ్‌తో అమెరికా చార్టులో నంబర్ వన్ కొట్టింది. ఆ సంగతి ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో!

మూడో దారి కొరియాది. అక్కడ గ్రూపు నుంచి ఉత్త చేతులతో బయటికి రావడం అంటే ఏమిటో 2009లో అందరికీ తెలిసింది. టీవీఎక్స్‌క్యూ గ్రూపులో ముగ్గురు, పదమూడేళ్ళ కాంట్రాక్టు అన్యాయమని కోర్టుకెక్కారు. బయటికొచ్చి జేవైజే పేరుతో పాడితే ఆల్బమ్‌లు అమ్ముడుపోయాయి గానీ, టీవీ మ్యూజిక్ షోల తలుపులు మాత్రం ఏళ్ళ తరబడి మూసుకుపోయాయి. ఆ వివక్షని ఆపడానికి 2015లో చట్టం సవరించాల్సి వచ్చింది, దాన్ని జనం జేవైజే చట్టం అనే పిలుస్తారు. అదే 2009లో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్, అంటే వ్యాపారంలో అన్యాయాల్ని చూసే ప్రభుత్వ సంస్థ, ఏడేళ్ళ హద్దుతో నమూనా కాంట్రాక్టు తెచ్చింది. ఇవాళ్టి కే-పాప్ (కొరియన్ పాప్) అభిమానులు "ఏడో ఏడాది గండం" అని భయపడేది అందుకే.

బ్లాక్‌పింక్ ఆ గండాన్ని దాటిన తీరు నాకు భలే నచ్చింది. 2016 ఆగస్టులో మొదలైన గ్రూపు. ఏడేళ్ళలో నలుగురూ వంతులవారీగా సోలో పాటలు చేశారు, 2018లో జెన్నీతో మొదలై 2023లో జిసూ దాకా. అంతా ఒకే కంపెనీ గొడుగు కింద. 2023 చివర్లో కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు గ్రూపు పనికి మాత్రమే పాత కంపెనీతో సంతకం పెట్టారు. సోలో పనికి ఎవరి దారి వారిదే. జెన్నీ, లీసా, జిసూ సొంత సంస్థలు పెట్టుకున్నారు, రోజే వేరే లేబుల్‌కి వెళ్ళింది. 2024 అక్టోబర్‌లో రోజే, బ్రూనో మార్స్‌తో కలిసి 'ఆపట్' పాడింది. కొరియన్లు మందు పార్టీల్లో చేతుల మీద చేతులు పేర్చి ఆడుకునే ఆట పేరే దానికి ఆధారం, ఆ ఆట పేరేమో అపార్ట్‌మెంట్ అన్న మాటకి పొట్టి రూపం. మా మేనకోడలు ఇడ్లీ తింటూ కూడా అదే. 2025 జులైలో నలుగురూ మళ్ళీ ఒకే స్టేజీ ఎక్కారు.

మరి ఏది మేలు? ముందు డబ్బు సంగతి చూద్దాం. గ్రూపులో రికార్డుల మీద వచ్చేది నలుగురైదుగురి మధ్య చీలిపోతుంది, పాట రాసినవాళ్ళ రాయల్టీ మాత్రం రాసినవాళ్ళకే. అందుకే రాయని సింగర్‌కి గ్రూపులో వాటా ఎప్పుడూ పలచనే, సోలోకి వెళ్ళినా ముందుగా వచ్చేది అడ్వాన్సే, అంటే రికార్డుల రాబడిలోంచి మినహాయించుకునే డబ్బు. పైగా గ్రూపు కాంట్రాక్టుల్లో చాలావాటికి, సభ్యులెవరైనా బయటికి వెళ్తే వాళ్ళ సోలో రికార్డుల మీద మొదటి హక్కు కంపెనీదేనన్న షరతు ఉంటుంది. జేన్ సైకో లేబుల్ నుంచి ఆర్‌సీఏకి మారాడు. అప్పట్లో రెండూ సోనీవే. ఇల్లు మారలేదు, గది మారింది. తలుపు ధడాలున వేసినంత మాత్రాన ఇంటి యజమాని మారడు.

వెనక్కి రావడం సంగతికొస్తే వాకౌట్ దారి చాలా ఖరీదైనది. రాబీ టేక్ దట్‌తో మళ్ళీ కలిసి ఆల్బమ్ చేయడానికి 2010 దాకా పట్టింది, అంటే పదిహేనేళ్ళు. మిగతా నలుగురూ 2006లోనే తిరిగొచ్చి మళ్ళీ నంబర్ వన్ అయ్యారు. ఐదుగురూ కలిసిన ఆ ఆల్బమ్ మొదటి వారంలోనే బ్రిటన్‌లో ఐదు లక్షలు దాటి అమ్ముడుపోయింది. మధ్యలో పోయిన స్నేహం మాత్రం ఏ చార్టులోనూ కనబడదు. వన్ డైరెక్షన్ వాళ్ళకైతే ఆ ఐదుగురూ కలిసే అవకాశమే ఇక లేదు. 2024 అక్టోబర్‌లో వాళ్ళలో ఒకడైన లియామ్ పేన్ బ్యూనస్ ఎయిరెస్‌లో చనిపోయాడు.

కాబట్టి నన్నడిగితే, మామూలు సింగర్‌కి డెస్టినీస్ చైల్డ్ వంతుల పద్ధతి మేలు. బ్లాక్‌పింక్ పద్ధతి ఇంకా మేలు, కానీ అది అందరికీ అందేది కాదు. ఏడేళ్ళు నిలిచి, స్టేడియాలు నింపి, "మీరు లేకపోతే కంపెనీ షేరు పడిపోతుంది" అనే స్థితి వచ్చినవాళ్ళకే ఆ కాగితం మీద అలాంటి సంతకం దొరుకుతుంది. రెండేళ్ళ గ్రూపు వెళ్ళి అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు.

వాకౌట్ ఎవరికి మేలంటే, గ్రూపులో తన పాటకి చోటే లేనివాడికి. రాబీ లాంటివాడికి. టేక్ దట్‌లో ఇంకో పదేళ్ళు ఉన్నా గ్యారీ పక్కన నిలబడి హమ్మింగ్ ఇచ్చేవాడే. అందుకే "స్నేహంగా విడిపోవాలమ్మా" అని అందరికీ సలహా ఇవ్వలేను. తన దగ్గర గ్రూపు వాడుకోని సరుకు ఏదైనా ఉందా అని చూసుకోవాలి. ఉంటే తెగించొచ్చు. కేవలం వాటా చిన్నదని, ఫొటోలో పక్కకి నెట్టారని వెళ్తే, మొదటి పాట నంబర్ వన్ అయినా రెండో ఆల్బమ్ దగ్గర దొరికిపోతారు.

మా మేనకోడలు ఇదంతా విని, "మన దగ్గర ఇలాంటివి ఎందుకు లేవు?" అంది. లేకేం, ఒకటుంది. 2002లో చానెల్ వీ అనే మ్యూజిక్ టీవీ చానెల్ పోటీ పెట్టి దేశమంతా వెతికి ఐదుగురు అమ్మాయిలతో వీవా అనే గ్రూపు కట్టింది. కొన్నేళ్ళకే అది చెదిరిపోయింది. కానీ ఇక్కడ గ్రూపు నుంచి బయటికొచ్చిన గొంతు సోలో ఆల్బమ్ వైపు కంటే సినిమా రికార్డింగ్ స్టూడియో వైపే ఎక్కువ వెళ్తుంది. తెలుగులో పాప్ అనగానే గుర్తొచ్చే స్మిత కూడా మొదట్నుంచీ ఒంటరి గొంతే. వీవా ఐదుగురిలో ఒకరైన నేహా భసిన్ గొంతు మనవాళ్ళు చాలామంది విన్నారు, ఆ పిల్లే అని తెలియకుండా. 'ఊసరవెల్లి'లో నిహారికా అంటూ విజయ్ ప్రకాశ్‌తో కలిసి పాడింది ఆమే. ఆ మాట చెప్పగానే మా మేనకోడలు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏదీ, మళ్ళీ పెట్టు" అంది.