కోవ్ రేవులో ఆనీ మూర్, ఇద్దరు తమ్ముళ్ళు

ఐర్లండ్‌లో, కార్క్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి రావడం ఇది రెండోసారి. పోయినసారి ఓ టూర్ బస్సువాళ్ళు దగ్గర్లోని కోవ్ అనే రేవు ఊరికి తీసుకెళ్ళి, అక్కడి ఆనీ మూర్, తమ్ముళ్ళ విగ్రహం దగ్గర ఐదు నిమిషాలు ఆపారు. ఫోటో తీసుకునేలోపే హారన్. రెండేళ్ళుగా అది మనసులో ఉండిపోయింది. మొన్న శనివారం మనవరాలిని వెంటబెట్టుకుని రైల్లో వెళ్ళాను. అరగంట కూడా పట్టలేదు. స్టేషన్ పక్కనే హెరిటేజ్ సెంటర్, దాని బయట రేవు గట్టున విగ్రహం.

కంచుతో పోసిన ముగ్గురు పిల్లలు. ఆనీ మూర్‌కు 17 ఏళ్ళు. ఆంథొనీ, ఫిలిప్ ఆమెకన్నా చిన్నవాళ్ళు. అమ్మానాన్నలు ముందే న్యూయార్క్ వెళ్ళిపోయారు. 1891 డిసెంబరు 20న, ఈ ఊరిని ఇంకా క్వీన్స్‌టౌన్ అంటున్న రోజుల్లో, ముగ్గురూ ఇక్కడే నెవాడా అనే ఓడ ఎక్కారు. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో, అమెరికాకు వలస వచ్చేవాళ్ళ కేంద్రం తెరిస్తే, అందరికంటే ముందు పేరు రాయించుకున్నది ఆనీయే. చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారట. తర్వాతి బతుకు మాత్రం అంత బంగారం కాదు. 1924లో పోయింది, 2008 దాకా సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు.

శిల్పి జీన్ రైన్‌హార్ట్. 1993లో ఐర్లండ్ అప్పటి అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ఆవిష్కరించారు. ఒక తమ్ముడు చేయి చాచి సముద్రం వైపు చూపిస్తుంటాడు, వాడికి ఓడ సంబరం. ఆనీ మాత్రం వెనక్కి, ఊరి వైపు చూస్తుంది. ఆ మెడ తిప్పడం దగ్గరే నేను చాలాసేపు నిలబడిపోయాను.

మా మనవరాలు నాలుగేళ్ళు నిండేదాకా తణుకులో నా దగ్గరే పెరిగింది. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇక్కడ డే కేర్ ఖర్చు మోయలేకపోయారు. పోయినసారి నేనే తీసుకొచ్చి అప్పగించాను. ఎయిర్‌పోర్టులో అద్దం అవతల ఉండిపోయిన తాతయ్యను అది ఇలాగే తిరిగి తిరిగి చూసింది.

"వీళ్ళని ఎవరు తీసుకెళ్తున్నారు అమ్మమ్మా?" అంది.

"వాళ్ళక్కే" అన్నాను. నమ్మలేనట్టు చూసి, ఆ పిల్లవాడి కంచు చొక్కా మడత వేలితో తడిమింది.

ఇదే శిల్పి ఎల్లిస్ ద్వీపంలోనూ ఆనీని నిలబెట్టింది, అక్కడ ఒంటరిగా. ఫోటోల్లో చూశాను. తమ్ముళ్ళు లేకుండా నా మనసు ఒప్పుకోలేదు.

ఆరుబయటే కాబట్టి టికెట్ లేదు. రేవు గాలి కోసేస్తుంది, పిల్లలకు చెవులు కప్పే టోపీ పెట్టండి. బస్సు టూర్లు వద్దు, రైల్లోనే వెళ్ళండి. స్టేషన్ నుంచి నడక నా మోకాళ్ళకు కూడా ఇబ్బంది కాలేదు.