పెద్ద ఇంజిన్ కింద ఏ యాక్సిల్ నిలిచింది: తాడిపత్రి గనిలో ఆరేళ్ల వాడకం

మాది తాడిపత్రి దగ్గర నాపరాయి గని. బయటివాళ్లు కడప రాయి అంటారే, ఆ నల్లబండలే. అడుగున పరుపులు పరుపులుగా ఉన్న రాతిని కోసి, బండల్ని నిలబెట్టి లోడు చేసి, ర్యాంపు మీదుగా పైనున్న పాలిష్ షెడ్డుకు చేర్చాలి. ఆ పనికి మా దగ్గర పాత ఆరు టైర్ల చిన్న లారీ ఉంది. రోడ్డు మీద తిరిగే వయసు అయిపోయాక రిజిస్ట్రేషన్ రద్దు చేయించి గనిలోనే పెట్టుకున్నాం. 2018లో దాని ఇంజిన్ చేతులెత్తేస్తే, మూలన పడున్న కంప్రెసర్‌లోంచి కమిన్స్ 3.9 లీటర్ల టర్బో ఇంజిన్ తీసి దీనికి ఎక్కించాం. ఇంజిన్ గురించి నేను చెప్పాల్సిందేం లేదు, బంగారం. దాని కింద ఏ వెనక యాక్సిల్ (చక్రాల్ని తిప్పే ఇరుసు) నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే రాస్తున్నా. ఎందుకంటే ఇట్లా ఇంజిన్ మార్చేవాళ్లలో చాలామంది గేర్‌బాక్స్ దాకా ఆలోచించి అక్కడ ఆగిపోతున్నారు. నేనూ అంతే చేశాను.

మొదటి నాలుగు నెలలు మాకు పండగే. అంతకుముందు ర్యాంపు మధ్యలో ఆయాసపడి, క్లీనర్ దిగి రాయి పెడితేగానీ మళ్లీ కదలని బండి, నాలుగు టన్నుల బండలతో సెకండ్ గేర్లో అవలీలగా ఎక్కేసేది. ఆ ఊపులో లోడు కూడా కొంచెం కొంచెం పెంచాం, అది మా తప్పే. ఒక మధ్యాహ్నం ర్యాంపు మలుపులో ఎడమవైపు వెనక చక్రాలు గుంత మీదికి వచ్చి గాల్లో తేలాయి, గిర్రున తిరిగాయి, డ్రైవరన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీయలేదు, అట్లా తిరుగుతున్న చక్రాలు అట్లాగే వచ్చి గట్టి రాతి మీద కూర్చున్నాయి. సమ్మెటతో బండ మీద కొట్టినట్టు ఒకే ఒక్క దెబ్బ వినపడింది. ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం వెనక్కి జారుతోంది. అన్న హ్యాండ్‌బ్రేక్ లాగాడు, ఆగలేదు. ఫుట్‌బ్రేక్ తొక్కితే ఆగింది, మేం పరిగెత్తుకుంటూ పోయి చక్రాల కింద బండముక్కలు పెట్టాం.

ఆ హ్యాండ్‌బ్రేక్ ఎందుకు పట్టలేదో ఆ సాయంత్రం బండి కింద పడుకుని చూస్తేగానీ అర్థం కాలేదు. మా బండిలో దాని డ్రమ్ము గేర్‌బాక్స్ వెనకాల ఉంటుంది, అది జాయింట్ రాడ్‌ను, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా పోయే రాడ్‌ను పట్టుకుంటుందే తప్ప చక్రాన్ని కాదు. యాక్సిల్ మధ్యలో రెండు వైపులకూ బలం పంచే గేర్ల గుంపు డిఫరెన్షియల్, అందులోంచి ఒక్కో వైపు చక్రానికి పోయేది యాక్సిల్ రాడ్. ఒకవైపు రాడ్ విరిగితే డిఫరెన్షియల్‌లో ఆ వైపు గేరు ఖాళీగా తిరిగిపోతుంది, ఇక హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. ఇట్లాంటి పాత బండ్లు లోడుతో ఎత్తు ఎక్కించేవాళ్లు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకో సంగతి, మాది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ కాబట్టి బతికిపోయాం. అందులో బరువంతా హౌసింగ్ (యాక్సిల్ బయటి ఇనుప గొట్టం) మీద, హబ్బులోని రెండు బేరింగుల మీద ఉంటుంది, రాడ్ పని తిప్పడం ఒక్కటే. అందుకే రాడ్ రెండు ముక్కలైనా చక్రం ఊడలేదు, దాని బ్రేక్ పనిచేసింది. సెమీ ఫ్లోటింగ్‌లో బరువును కూడా రాడ్డే మోస్తుంది, విరిగితే చాలాసార్లు చక్రంతో సహా బయటికి వస్తుంది. లోడు మోసే బండికి అది తేరగా ఇచ్చినా వద్దు.

విరిగిన ముక్కను అయస్కాంతం కట్టిన కడ్డీతో హౌసింగ్‌లోంచి బయటికి లాగి కిరోసిన్‌తో కడిగాం. విరిగిన ముఖం మీద ఒక మూల, అరచంద్రం అంత మేర, నల్లగా నున్నగా ఉంది. మిగతాదంతా బెల్లం గడ్డ విరిచినట్టు గరుకుగా, కొత్తగా మెరుస్తోంది. అంటే ఆ మూల పగులు ఎన్నో వారాల ముందే మొదలైంది, ఆ రోజు జరిగింది చివరి దెబ్బ మాత్రమే. కొత్త ఇంజిన్ ఎక్కిన రోజు నుంచీ రాడ్ లోపల్లోపల చస్తూనే ఉంది, మేమేమో పైన సంబరపడుతున్నాం.

అప్పుడు లెక్క వేశాను, నిజానికి ముందే వేయాల్సింది. పాత ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 190 న్యూటన్ మీటర్ల దాకా, ఇప్పుడున్నది దగ్గరదగ్గర 350. ఫస్ట్ గేరు 6 రెట్లు, క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు) 5 రెట్లు పట్టుకుంటే వెనక చక్రాల దగ్గరికి చేరేది అప్పుడు 5,700, ఇప్పుడు 10,500. దాన్ని రెండు రాడ్లు చెరిసగం పంచుకుంటాయి. అయితే అసలు విషయం ఇంజిన్ ఎంత ఇస్తుందన్నది కాదు, టైరు నేలను ఎంత పట్టుకుంటుందన్నది. ఖాళీ బండికి వెనక బరువు 1.2 టన్నులు అనుకుంటే, పొడి రాతి మీద సుమారు 3,300 న్యూటన్ మీటర్లు దాటగానే టైరు జారిపోతుంది, రాడ్ మీద అంతకు మించి పడదు. అదే వెనక 5 టన్నులు ఉంటే టైరు 13,700 దాకా పట్టుకుంటుంది. ఇంజిన్ ఇచ్చేదే 10,500, కాబట్టి టైరు జారదు, మొత్తం రాడే భరించాలి. అందుకే ఇంజిన్ మార్చాక ఖాళీ బండితో చక్కర్లు కొట్టి "బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటే దానికి విలువ లేదు. యాక్సిల్ పరీక్ష నిండు లోడుతో ర్యాంపు మీదే.

ఈ లెక్క వేశాక కూడా డబ్బు దగ్గర వెనకాడాను. కొత్త యాక్సిల్ ఎందుకులే, రాడ్ గట్టిది చేయిస్తే చాలు అని లేతు షాపులో ఒక జత చేయించాను. ఈఎన్ 24 అనే గట్టి రకం ఉక్కు అన్నారు, బిల్లు కూడా అట్లాగే రాశారు. ఐదు వారాలకు బండి కదిలేటప్పుడు "టక్" అనడం మొదలైంది. రాడ్ లాగితే రాలేదు, స్ప్లైన్ పళ్లు (రాడ్ చివర గేరులో దూరే నిలువు పళ్లు) తాడు పురి పెట్టినట్టు మెలితిరిగి సైడ్ గేరులో బిగుసుకుపోయాయి. కోసి తీయాల్సి వచ్చింది. ఆ ఉక్కు ఏదైనా కానీ సరిగా హీట్ ట్రీట్‌మెంట్ మాత్రం జరగలేదు. గట్టి ఉక్కును మెత్తగా వదిలేస్తే మెలితిరుగుతుంది, మరీ గట్టిపరిస్తే పుటుక్కున విరుగుతుంది, పైపొర గట్టిగా లోపల సాగేటట్టు చేయడం చిన్న లేతు షాపు పని కాదు.

మా పాత మేస్త్రీ అప్పుడు ఒకే మాట అన్నాడు. "ఇంజిన్ తెచ్చినపొద్దే యాక్సిల్ కూడా తెచ్చుకోవాల్సింది నాయనా. రెండూ ఒక క్లాసు బండివి ఉండాల." అమెరికాలో కంపెనీవాళ్లు చేసింది కూడా అదే. ఈ ఇంజిన్‌కే అన్నలాంటిది, ఆరు సిలిండర్ల 5.9 లీటర్లది, డాడ్జ్ పికప్‌లో 1989 మోడల్ నుంచి పెట్టారు, టార్క్ 540 న్యూటన్ మీటర్లు. దాని వెనక డానా 70 అనే యాక్సిల్ ఇచ్చారు, క్రౌన్ 10.5 అంగుళాలు. దానికంటే చిన్నదైన డానా 60 క్రౌన్ 9.75 అంగుళాలు. మనకు ఆ యాక్సిళ్లు దొరకవు, అక్కర్లేదు కూడా. మన దగ్గర ఇంత టార్కుతో వచ్చే లారీ ఏదో చూసి దాని యాక్సిల్ పట్టుకుంటే సరిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగాను. మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకుని పోయాను. రాడ్ మందం ఫ్లాంజ్ (చక్రంవైపు బోల్టులు బిగించే పళ్లెం) దగ్గర కొలిస్తే లాభం లేదు, స్ప్లైన్‌కు కాస్త ముందు సన్నగా ఉండే చోట కొలవాలి. మా పాతది 36 మిల్లీమీటర్లు, అక్కడ పై క్లాసు బండిది 42 తేలింది. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే ఒకటిన్నర రెట్ల పైమాటే. మొదటి షాపులో చూపించిన యాక్సిల్ పెయింట్ నిగనిగలాడుతోంది, క్రౌన్ ఆయిల్ ప్లగ్గు విప్పించి వేలు పెడితే గోరంత ఇనుప పెళ్ళలు చేతికొచ్చాయి. నూనెలో సన్నటి బూడిదలాంటిది ఉంటే పర్వాలేదు, పెళ్ళలు ఉంటే పళ్లు పోతున్నట్టే. వదిలేసి వచ్చాను. రెండో చోట రెండు రాడ్లూ లాగించి చూశాను, స్ప్లైన్లు తిన్నగా ఉన్నాయి, క్రౌన్ మీదా, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ మీదా కొట్టిన జత నంబరు ఒకటే. 48 వేలకు తీసుకున్నాను.

దాంతోపాటు వచ్చిన క్రౌన్ 41 పళ్లు, పినియన్ 6, అంటే రేషియో 6.83. ఇక్కడ నేను దాదాపు పొరపాటు చేయబోయాను. రేషియో పెరిగితే బండి ఇంకా బాగా లాగుతుంది, నిజమే, కానీ రాడ్ మీద పడే బలం కూడా అంతే పెరుగుతుంది. పై లెక్కలో 5 తీసి 6.83 పెట్టి చూడండి, చక్రాల దగ్గర 14,300 దాటుతుంది. రాడ్ లావైనందువల్ల వచ్చిన లాభంలో సగానికి పైగా ఎగిరిపోయింది. ఈ ఇంజిన్‌కు అంత రేషియో అవసరమే లేదు. ఇంకో 9 వేలు పెట్టి 41, 7 జత వేయించాను, అది 5.86. పినియన్‌కు పన్ను ఒకటి పెరిగితే పినియన్ కూడా లావవుతుంది, అది అదనపు లాభం.

బిగించడం 2019 డిసెంబర్‌లో. కమాను కట్టల మధ్య దూరం కలవలేదు, కట్టలు కూర్చునే ప్యాడ్లు కోసి కొత్త చోట వెల్డింగ్ చేయాలి. ఒకేసారి చుట్టూ కాల్చేస్తే హౌసింగ్ వంగుతుంది, అటు కొంచెం ఇటు కొంచెం కాల్చి చల్లారనిచ్చాం, నీళ్లు పోయలేదు. అయినా ఒక తప్పు దొర్లింది. పినియన్ ముక్కు గేర్‌బాక్స్‌తో ఒకే వాటంలో ఉండాలి, మాది పైకి లేచింది. రెండు నెలల్లో జాయింట్ రాడ్ చివర్ల ఉండే క్రాసులు రెండు పోయాయి. ప్యాడ్ల కింద ఏటవాలు ముక్కలు పెట్టి సరిచేశాక ఆ గోల మళ్లీ లేదు.

ఇక ఆరేళ్ల ఫలితం. రోజుకు పన్నెండు, పదిహేను ట్రిప్పులు, నాలుగు టన్నులకు మించి లోడు ఎత్తనివ్వడం లేదు. ఒక్క రాడ్ విరగలేదు. ఏటా మే నెలలో రెండూ లాగి స్ప్లైన్ల మీద సుద్దతో నిలువు గీత గీసి చూస్తాను, గీత పళ్ల వెంట తిన్నగా పోతే సరే, వంకర పోతే పురి పడుతున్నట్టు. ఇప్పటిదాకా తిన్నగానే ఉంది. పినియన్ సీలు రెండుసార్లు కారింది, హబ్బు బేరింగులు ఒకసారి మార్చాం, అది దుమ్ము వల్ల, యాక్సిల్ తప్పు కాదు. క్రౌన్ ఆయిల్ జీఎల్-5 రకం 85డబ్ల్యూ140 తప్ప వేరేది పోయనివ్వను. బ్రేక్ డ్రమ్ములు పెద్దవి రావడం మేం అనుకోని మేలు, లోడుతో దిగేటప్పుడు తేడా కాలికే తెలుస్తుంది.

బాగాలేనివీ ఉన్నాయి. పాతదాని కంటే బరువు బాగా ఎక్కువ, ఖాళీగా పోతుంటే వెనక భాగం గుర్రంలా ఎగురుతుంది. డీజిల్ కొంచెం ఎక్కువే తాగుతోంది. యాక్సిల్, క్రౌన్ జత, వెల్డింగ్, యూ బోల్టులు, జాయింట్ రాడ్ కోయించి అతికించడం అన్నీ కలిపి 81 వేలు అయింది. పాడైన రాడ్లకూ, లేతు షాపుకూ, ఆగిపోయిన రోజులకూ అంతకుముందే దాదాపు అంత పోగొట్టుకున్నాను. రోడ్డెక్కే బండికి ఇట్లా చేయాలనుకునేవాళ్లు ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. మాది గని దాటి బయటికి రాదు.

హ్యాండ్‌బ్రేక్ ఇప్పటికీ గేర్‌బాక్స్ వెనకదే, అందుకే క్యాబిన్‌లో రెండు చెక్క అడ్డులు ఎప్పుడూ ఉంటాయి. ముందు యాక్సిల్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పాత ఇంజిన్ కంటే ఇది బరువు, ముందు కట్టలకు ఒక ఆకు అదనంగా వేసినా కింగ్ పిన్ (ముందు చక్రం అటూఇటూ తిరిగే కీలు) బుష్‌లు రెండేళ్లకోసారి అరుగుతున్నాయి, స్టీరింగ్ లాగుతోంది. వచ్చే వేసవి లోపల వెనకదాని క్లాసుదే ముందుది కూడా వెతకాలి, ఈసారి వెర్నియర్‌తో పాటు జాకీ కూడా తీసుకుపోయి పిన్నుల ఆట చూశాకే డబ్బులిస్తాను.